మంద చుట్టూ ఎదురెదురుగా: ఇద్దరు కౌబాయ్‌ల ప్రేమకథకు చరిత్ర ఇచ్చిన చోటు

రాత్రి మంద పడుకున్నాక దాని చుట్టూ ఇద్దరు గుర్రాల మీద తిరుగుతారు. ఒకరు కుడిచేతి వైపుగా, మరొకరు ఎడమచేతి వైపుగా. ఇద్దరూ ఒకే దిక్కున తిరిగితే ఒకరికొకరు కనిపించకుండానే రాత్రి గడిచిపోవచ్చు. ఎదురెదురుగా తిరిగితే మాత్రం ఒక్కో చుట్టులో రెండుసార్లు తారసపడతారు, మందకు ఇటు ఒకసారి, అటు ఒకసారి. గుర్రం నడక దాటకూడదు. నోట్లో పాట ఆగకూడదు. చీకట్లో ఉన్నట్టుండి ఎదురైన మనిషిని చూస్తే పశువు బెదురుతుంది, దూరం నుంచే వినబడుతున్న గొంతుకు బెదరదు. అందుకే నెమ్మదిగా సాగే చర్చి పాటో, పదాలు మరిచిపోయిన జానపదమో ఏదో ఒకటి పాడుతూనే ఉండాలి. ఒక్కో వంతు సుమారు 2 గంటలు, అంటే మన జాము కన్నా గంట తక్కువ. వాచీ లేనివాళ్లు సప్తర్షులను చూసి లెక్కకట్టేవారు. ధ్రువ నక్షత్రం చుట్టూ ఆ గుంపు ముప్పై డిగ్రీలు తిరిగిందంటే వంతు అయిపోయినట్టే. నడిరాత్రి దాటే వేళకు మంద మొత్తం ఒకసారి లేచి, ఒళ్లు విరుచుకుని, రెండో పక్కకు తిరిగి పడుకుంటుంది. ఆ కాసేపూ కాపలావాళ్లిద్దరికీ ప్రాణం గుప్పెట్లో ఉంటుంది.

రెండు వేల అయిదు వందలో, మూడు వేలో పశువులు. వాటికి ఆ చివర ఒక గొంతు, ఈ చివర ఒక గొంతు. మనిషి కనబడడు, పాట మాత్రం వినబడుతూ ఉంటుంది. అది ఆగిపోతే రెండోవాడికి గుండె ఆగినంత పనవుతుంది. ఇద్దరు కౌబాయ్‌ల మధ్య ప్రేమ మొదలవడానికి ఇంతకన్నా మంచి సన్నివేశాన్ని ఏ రచయితా కల్పించనక్కర్లేదు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలోని పశువుల పనే దాన్ని సిద్ధం చేసి పెట్టింది. ఈ తరహా చారిత్రక ప్రేమ నవలల్లో నిలిచేవి ఆ పనిని చూసి రాసినవి. టోపీనీ తుపాకీనీ మాత్రమే చూసి రాసినవి సగంలోనే చతికిలబడతాయి. ఆ ఇద్దరినీ దగ్గర చేసేదీ పనే, విడదీసేదీ పనే.

1971లో కృష్ణ టోపీ పెట్టి గుర్రమెక్కిన నాటి నుంచి తెలుగువాళ్లకు కౌబాయ్ అంటే తుపాకీ పట్టిన వీరుడు. చరిత్రలోని కౌబాయ్ అలాంటివాడు కాదు. అతను నెల జీతానికి పశువులు కాసే మనిషి. మన పల్లెల్లో పాలేరు అన్నా, జీతగాడు అన్నా ఎవరు గుర్తొస్తారో ఇతను వాళ్లకే దగ్గరివాడు. 1870ల్లో, 80ల్లో అతని జీతం నెలకు 25 నుంచి 40 డాలర్లు. గుర్రాలు యజమానివి, దూరప్రయాణంలో ఒక్కొక్కరికి ఆరు నుంచి పది దాకా కేటాయించేవారు. అతని సొంత ఆస్తి జీను ఒక్కటే. మంచి జీను ఖరీదు నెల జీతాన్ని మించిపోయేది. ‘జీను అమ్ముకున్నాడు’ అన్నారంటే ఆ మనిషి పని పూర్తిగా అయిపోయిందని అర్థం. కాబట్టి కథలో ఒకడు రెండోవాడి వైద్యం కోసం జీను అమ్మాడని రాస్తే, అది ఉంగరం తాకట్టు పెట్టడం లాంటి చిన్న విషయం కాదు. రేపటి నుంచి తనకు బతుకుతెరువు లేదని ఒప్పుకోవడం.

ఈ లోకం నిలిచింది ఇరవై ఏళ్లకు కాస్త అటూ ఇటూ. 1865లో అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో పొడుగు కొమ్ముల పశువులు లెక్కకు మించి ఉన్నాయి. అక్కడ ఒక్కోటి మూడు, నాలుగు డాలర్లు పలికితే ఉత్తరాది సంతల్లో దానికి పదింతలు పలికేది. 1867లో జోసెఫ్ మెకాయ్ కాన్సస్‌లోని ఆబిలీన్ రైలు స్టేషన్ దగ్గర పశువుల దొడ్లు కట్టించాడు. టెక్సాస్ మందలు చిషోమ్ బాట మీదుగా అక్కడికి నడిచాయి. తర్వాత డాడ్జ్ సిటీ వంతు వచ్చింది. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంట్ తీసుకున్నాడు, బయళ్లు మెల్లగా కంచెల్లోకి వెళ్లాయి. 1885లో కాన్సస్ టెక్సాస్ పశువులకు తలుపులు మూసింది. 1886–87 చలికాలం ఉత్తరాది మైదానాల్లో మిగిలిన దాన్ని ఊడ్చేసింది. కథకు ఏ సంవత్సరం ఎంచుకున్నారన్నది అలంకారం కాదు. 1872లో ఇద్దరూ నెలల తరబడి బాట మీద ఉంటారు. 1889కి వచ్చేసరికి కంచెలు బాగుచేస్తూ, గడ్డి కోస్తూ కనిపిస్తారు.

బాట మీద గుంపులో పది, పన్నెండు మంది. ముందు వరసలో అనుభవమున్న ఇద్దరు మందకు దారి చూపిస్తారు. పక్కల మరికొందరు. వెనకాల దుమ్ములో కొత్తవాళ్లు. రోజుకు 10 నుంచి 15 మైళ్లు, అంతకు మించి తోలితే పశువుల కండ కరిగిపోతుంది, సంతలో ధర పడిపోతుంది. నవలల్లో రోజంతా గుర్రాలను దౌడు తీయించే రచయితలు ఈ లెక్క మరిచిపోతారు. వెనక వరసలో సాయంత్రానికి మనిషి కనుబొమ్మలు కూడా దుమ్ముతో తెల్లబడతాయి. ముందు వరసలోని అనుభవజ్ఞుడు వెనక్కి వచ్చి తడిపిన రుమాలు ఇచ్చి వెళ్లాడంటే, ఆ గుంపులో దాన్ని చూడనివాడు ఉండడు.

ఏకాంతం లేకపోవడమే ఈ ప్రేమకు మొదటి అడ్డంకి. రచయితలు దీన్ని పట్టించుకోరు. పగలంతా పది కళ్ల ముందు, రాత్రి వంటబండి చుట్టూ అందరూ పక్కపక్కనే. రాంచ్‌కు, అంటే యజమాని పశువుల క్షేత్రానికి, తిరిగొస్తే పనివాళ్ల పడక కొట్టం, అదీ ఒకే గది. అందుకే చాలా నవలల్లో ప్రేమికులు గడ్డి కొట్టంలో కలుసుకుంటారు. 1880 టెక్సాస్ బయళ్లలో అంత గడ్డి ఎక్కడిది? పశువులు ఏడాదంతా బయటే మేసేవి. గడ్డి కోసి దాచడం పెద్దయెత్తున మొదలైంది 1887 నష్టం తర్వాతే. అంతకు ముందు కథలో గడ్డివాము పెడితే తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

ఇక పడక. కౌబాయ్ పడక చుట్టకు పైన దళసరి టార్పాలిన్, ఆరేడు అడుగుల వెడల్పు, పద్నాలుగు నుంచి పద్దెనిమిది అడుగుల పొడవు. సగం కింద పరిచి, మిగతా సగాన్ని కాళ్ల వైపు నుంచి మడిచి పైన కప్పుకుంటారు. లోపల బొంతలు. పాత లాగుల, చొక్కాల ముక్కలు కుట్టినవి, అచ్చం మన ఇళ్లలో అమ్మమ్మలు కుట్టినట్టే. వాటిని వాళ్లు సూగన్లు అనేవారు. ఒకడికి రెండు బొంతలుంటే కింద ఒకటి, పైన ఒకటి. ఇద్దరు కలిసి పడుకుంటే కింద రెండు, పైన రెండు, మధ్యలో రెండు ఒళ్ల వేడి. చలిలో ఈ కూడిక లెక్క అందరికీ తెలుసు. అలా పడక పంచుకునేవాణ్ని ‘బంకీ’ అని పిలిచేవారు. పట్నం సత్రాల్లో కూడా ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకే మంచం మీద పడుకోవడం ఆ రోజుల్లో మామూలే.

అందువల్ల ఇప్పటి ప్రేమ నవలలకు ఎంతో ఇష్టమైన ‘గదిలో ఒకే ఒక్క మంచం ఉంది’ అన్న మలుపు ఇక్కడ పనిచేయదు. 1880లో అది సంగతే కాదు, ఎవరి గుండే దానికి దడదడలాడదు. మరి సంగతి ఎక్కడుంది? మే నెలలో ఉంది. మంచు కరిగింది, రాత్రులు వెచ్చబడ్డాయి, మిగతావాళ్లంతా ఎవరి పడక వాళ్లు విడిగా పరుచుకున్నారు. ఈ ఇద్దరు మాత్రం ఇంకా రెండు చుట్టలూ కలిపే పరుస్తున్నారు. అవసరం తీరాక కూడా ఆగని అలవాటు. చూసే పదిమందికీ, ఆ ఇద్దరికీ కూడా అర్థం అక్కడ మొదలవుతుంది. కాలం తెలిసిన రచయిత ఆ ఒక్క మే నెల రాత్రితో పది పేజీల తడబాటు మాటలు తప్పించుకోగలడు.

ఏకాంతం దొరికే చోటు లేకపోలేదు. దాని పేరు లైన్ క్యాంప్. చలికాలం రాగానే యజమాని ఎక్కువమందిని పనిలోంచి తీసేసి, కొద్దిమందిని మాత్రం ఉంచుకునేవాడు. వాళ్లను మేత భూముల అంచుల్లో దుంగల గుడిసెల్లోనో, గట్టులోకి తవ్విన బొరియ ఇళ్లలోనో పెట్టేవాడు. తరచుగా ఇద్దరేసి చొప్పున. పొద్దున్నే ఒకడు అటు, ఒకడు ఇటు బయల్దేరి తమ హద్దు వెంబడి స్వారీ చేస్తారు. పక్క క్యాంప్ మనిషి ఎదురైనప్పుడో, మంచులో అతని గుర్రం అడుగులు కనబడినప్పుడో వెనక్కి మళ్లుతారు. హద్దు దాటి పోతున్న పశువులను తిప్పాలి. నీటి గుంటల మీద మంచును గొడ్డలితో పగలగొట్టాలి. ఊబిలో దిగబడిన ఆవును తాడేసి లాగాలి. తోడేళ్ల సంగతి చూడాలి. మళ్లీ చీకటి పడేవేళకు ఆ ఒక్క గుడిసె.

రాత్రి కాపలాలో లాగే ఇక్కడా రోజూ ఎదురెదురు దిక్కుల ప్రయాణమే, రోజూ ఒక తిరిగి రాక. మంచు తుపాను పట్టుకున్న రోజు ముందు వచ్చినవాడు ఏం చేస్తాడు? పొయ్యి ఎగదోస్తాడు, కిటికీలో లాంతరు పెడతాడు, మళ్లీ జీను వేసుకుని వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేక తలుపు దగ్గర నిలబడతాడు. వెళ్తే ఇద్దరూ చావొచ్చు. ఈ నిర్ణయం ముందు ఏ తుపాకీ పోరాటమూ నిలవదు.

గుడిసెలో సరుకులు పిండి, చిక్కుడు గింజలు, ఉప్పు వేసిన పంది మాంసం, కాఫీ. కాఫీ అంటే ఆర్బకిల్ కంపెనీదే. గింజలు వేయించి, గుడ్డు సొన, చక్కెర పూత పట్టించి అమ్మేవారు. సంచిలో ఒక పిప్పరమెంటు పుల్ల ఉండేది. గుంపులో ఉన్నప్పుడు వంటవాడు ‘ఎవరికి కావాలి పుల్ల?’ అని అరిస్తే కాఫీ మర తిప్పడానికి మీసాలున్న మగవాళ్లు పోటీ పడేవారు. లైన్ క్యాంప్‌లో పోటీకి ఇద్దరే. సంచికి ఒక్క పుల్ల. రెండుగా విరిచారా, వంతులేసుకున్నారా, ఒకడు నాకు తీపి పడదని అబద్ధమాడాడా? అయిదు నెలల చలికాలానికి సరిపడా ప్రేమ ఆ పుల్లతో చెప్పొచ్చు.

పనిలో జంట అవసరమయ్యే చోటు ఇంకొకటి తాడు. పెద్ద ఎద్దును ఒక్కడు పడేయడం కష్టం. ఒకడు కొమ్ములకు తాడు వేస్తే రెండోవాడు వెనక కాళ్లకు వేస్తాడు. రెండు గుర్రాలూ చెరోవైపు లాగి పట్టి నిలబడితే ఎద్దు నేల మీద పరుచుకుంటుంది. ఒక తాడు వదులైతే రెండోవాడికి ప్రమాదం. టెక్సాస్ మనిషి తాడు కొసను జీను ముందు భాగంలో పొడుచుకొచ్చిన కొమ్ముకు గట్టిగా కట్టేసి ఉంచుతాడు. కాలిఫోర్నియా పద్ధతి మనిషి కట్టడు, తాడు పడ్డాక కొమ్ముకు చుట్లు తిప్పుతాడు, ఆ చుట్లలో ఇరుక్కుని బొటనవేలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చిన ఇద్దరిని జంటగా పెడితే మొదటి గొడవ ఈ తాడు దగ్గరే రావాలి. నమ్మకం కూడా అక్కడే పుట్టాలి. పశువు ఎవరిదో తెలిసేలా ముద్రగా వాతలు వేసే సన్నివేశం రాసేవాళ్లు కడ్డీని ఎర్రగా కాలుస్తారు. అది తప్పు. ఎర్రటి కడ్డీ వెంట్రుకలను మండించి తోలులోకి దిగిపోతుంది, పుండు మాని గుర్తు చెదిరిపోతుంది. కడ్డీ బూడిద రంగులో ఉన్నప్పుడు కొన్ని క్షణాలు అదిమి తీసేయాలి. దూడ ఒళ్లు తడిగా ఉంటే అసలు వేయకూడదు, ఆవిరికి చుట్టూ ఉడికి ముద్ర అలుక్కుపోతుంది.

ఆ రోజుల్లో ఇలాంటి ప్రేమలు నిజంగా ఉండేవా అని అడిగేవాళ్లు ఉన్నారు. లైంగిక ప్రవర్తన మీద పరిశోధన చేసిన ఆల్‌ఫ్రెడ్ కిన్సీ 1948లో అచ్చువేసిన నివేదికలో పశ్చిమ అమెరికా పల్లెల్లో, పశువుల కాపర్లు, గనులు వెతికేవాళ్లు, కలప కొట్టేవాళ్ల మధ్య మగవాళ్ల లైంగిక సంబంధాలు తక్కువేమీ కాదని రాశాడు. బయట పని, కష్టజీవితం, మిగతా విషయాల్లో ఎవరూ వేలెత్తి చూపలేని మొరటు మగతనం, వీటి మధ్యే అవి సాగాయని అతని పరిశీలన. ఆడవాళ్లు కరువైన చోట మగవాళ్లే ఒకరితో ఒకరు నాట్యం చేసేవారు. ఆడ పాత్ర తీసుకున్నవాడి చేతికి రుమాలు కట్టేవారు. అందులో ఎవరూ తప్పు పట్టలేదు. అయితే ప్రతి రుమాలూ ప్రేమ కాదు. పశువుల వ్యాపారి చార్లెస్ గుడ్‌నైట్ 1867లో గాయాలతో చనిపోయిన తన భాగస్వామి ఆలివర్ లవింగ్ శవాన్ని న్యూ మెక్సికో నుంచి టెక్సాస్‌లోని వెదర్‌ఫర్డ్ దాకా తెచ్చి పూడ్చిపెట్టించాడు. అది ఇచ్చిన మాట, స్నేహధర్మం. దానికి వేరే పేరు పెట్టడం చరిత్రకు అన్యాయం. కానీ ఆ కాలం మగ స్నేహానికి అంత పెద్ద చోటు ఇచ్చింది కాబట్టే, దాని నీడలో ప్రేమ కూడా తలదాచుకోగలిగింది.

ఆ ప్రేమికుల నోట ‘గే’ అన్న మాట రాకూడదు. ‘హోమోసెక్సువల్’ అన్న పదమే 1869లో జర్మన్‌లో మొదట అచ్చయింది, ఇంగ్లిష్‌లోకి వచ్చింది 1890ల్లో. 1878లో మోంటానా గుడిసెలో ఉన్నవాడికి తానేమిటో చెప్పుకునే నామవాచకం లేదు. అతనికి ఒక మనిషి ఉన్నాడు, అంతే. అందుకని ‘నేను ఇలాంటివాణ్నా?’ అని పేజీలకు పేజీలు మథనపడే నాయకుడు ఇరవయ్యో శతాబ్దం నుంచి దిగుమతి అయినవాడు. అతని మథనం ఉంటే పాపం గురించో, తన మనిషి వసంతంలో వెళ్లిపోతాడేమో అన్న భయం గురించో ఉంటుంది.

చట్టం మాత్రం ఉంది. టెక్సాస్ 1860లో ‘ప్రకృతికి విరుద్ధమైన నేరం’ అని పేరు పెట్టి 5 నుంచి 15 ఏళ్ల జైలు విధించింది. అదే 1860లో మన దేశానికి బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన శిక్షాస్మృతి 377వ సెక్షన్‌లో కూడా దాదాపు అదే మాట ఉండేది. రెండూ ఇంగ్లండ్ చట్టపు కడుపున పుట్టినవే. అక్కడ అలాంటి చట్టాలను 2003లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక్కడ ఇష్టపూర్వక సంబంధాలను 377 నుంచి తప్పించడానికి 2018 సెప్టెంబరు 6 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత కఠినమైన శిక్ష ఉన్నా, నవలల్లో లాగా షెరీఫ్ తలుపు బాదడం నమ్మబుద్ధి కాదు. ఇష్టపడి కలిసిన ఇద్దరిలో ఒకడి సాక్ష్యంతో రెండోవాడికి శిక్ష వేయడం కుదరదు, నేరంలో పాలుపంచుకున్నవాడి మాటకు వేరే రుజువు కావాలి. నిర్మానుష్యమైన బయల్లో ఆ రుజువు ఎవరు తెస్తారు?

అసలు దెబ్బ జీతం వైపు నుంచి వస్తుంది. వసంతంలో ఫోర్‌మన్ ఒకణ్ని ఉంచి ఒకణ్ని పంపించేయగలడు. కారణం చెప్పనక్కర్లేదు. 1883లో టెక్సాస్ ఉత్తర భాగంలో కౌబాయ్‌లు నెలకు 50 డాలర్లు కావాలని సమ్మె చేసి ఓడిపోయారు, నాయకులకు చుట్టుపక్కల పని దొరకలేదు. వ్యోమింగ్‌లో యజమానుల సంఘం సొంత పశువులు, సొంత ముద్ర ఉన్న కౌబాయ్‌ను దొంగ కింద లెక్కగట్టి పనిలో పెట్టుకోవద్దని కట్టుబాటు చేసింది. పేరు చెడితే ఒక్క రాంచ్‌లో కాదు, గుర్రం మీద వారం రోజులు వెళ్లినా పని దొరకదు. ప్రేమికుల్లో ఒకరు నల్లజాతివారో, మెక్సికన్ వకేరోనో (స్పానిష్‌లో పశువుల కాపరి) అయితే కష్టం ఇంకా పెద్దది. కౌబాయ్‌ల్లో నాలుగో వంతు నల్లవాళ్లని ఒక అంచనా. తాడుకూ రాంచ్‌కూ వాడే మాటల్లో చాలా వకేరోల స్పానిష్ నుంచి వచ్చినవే. బాట మీద అందరూ ఒకే కుండలో తిన్నా, పట్నం రాగానే హోటల్ మెట్ల దగ్గర దారులు వేరయ్యేవి.

1886–87 చలికాలం ఈ కథలన్నిటికీ కొండగుర్తు. ఎండాకాలం వానల్లేక గడ్డి మాడింది, మోయగలిగినదానికి మించి పశువులున్నాయి. మంచు పడింది, కాస్త కరిగింది, మళ్లీ రాయిలా గడ్డకట్టింది. డెక్కలతో తవ్వినా గడ్డి అందలేదు. గాలికి వెన్ను చూపి నడిచిన పశువులు ముళ్లకంచెల దగ్గర కుప్పలుగా చచ్చాయి. కొన్ని రాంచ్‌లలో సగానికి పైగా పోయాయి. అప్పుడు మోంటానాలో పశువులు కాస్తున్న చార్లెస్ రస్సెల్, మంద ఎలా ఉందని యజమాని ఉత్తరం రాస్తే, జవాబుగా ఎముకల గూడులా నిలబడిన ఒక ఆవు బొమ్మ గీసి పంపాడు. ఆ వసంతంలో పనులు పోయి, పాత లోకం విరిగిపోయింది. విషాదాంతం రాయాలనుకునేవాళ్లకు అంతకన్నా వెతకనక్కర్లేదు. కానీ ప్రేమ నవల పాఠకుడు అడిగేది ఇద్దరూ కలిసి బతకడం. ఆ ముగింపును చరిత్రే ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది, భూమి కచేరీ ద్వారా. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండిన మగవాళ్లు పెళ్లి అయినా కాకున్నా 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రుసుములన్నీ కలిపి సుమారు 18 డాలర్లు. అయిదేళ్లు అక్కడే ఉండి సాగుచేస్తే భూమి సొంతం. ఇక్కడ రచయితలు ఒక పొరపాటు చేస్తారు, టెక్సాస్‌లో ఈ చట్టాన్ని వాడేస్తారు. టెక్సాస్ తన ప్రభుత్వ భూములను తనే అట్టిపెట్టుకుంది కాబట్టి అక్కడ ఇది చెల్లదు. వ్యోమింగ్, మోంటానా, డకోటాలకు వెళ్లాలి. ఇద్దరూ పక్కపక్క ముక్కలు తీసుకుంటే 320 ఎకరాలు. నీటి వాగు ఒకరి ముక్కలో పడితే చాలు. కౌంటీ పుస్తకంలో ఇద్దరి పేర్లతో ఒకే ముద్ర నమోదు చేసుకోవచ్చు, భాగస్వామ్య వ్యాపారం కింద.

ఎవరి ముక్కలో వాళ్లు నివాసముండాలని చట్టం అంటుంది. దానికి ఆ కాలపు జనం ఒక ఉపాయం కనిపెట్టారు. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, స్నేహితులు హద్దు గీత మీద ఒకే ఇల్లు కట్టి, ఎవరి మంచం వాళ్ల వైపు వేసుకునేవారు. కాగితం మీద రెండు నివాసాలు, కప్పు ఒకటే. అయిదేళ్లు గడిచాక భూమి కచేరీలో ఇద్దరు సాక్షులు వచ్చి, ఈ మనిషి ఈ నేల మీదే బతికాడని ప్రమాణం చేయాలి. ఒక సాక్షిగా అతని మనిషే నిలబడొచ్చు. రెండో సాక్షి మాత్రం పొరుగువాడు కావాలి, ఆ ఇంటికి వచ్చిపోయేవాడు, గీతకు అవతలి మంచం మీద దుప్పటి అయిదేళ్లలో ఎప్పుడూ నలగలేదని బహుశా గమనించినవాడు.